నెతెల అంచు

కెరానియో
తిర్ 13

తమ్ముడు అస్మారెకి,

అక్క యెషారెగ్ దీవెనలు. నిన్నూ మరదలు వుబిత్‌నూ మరియమ్మ తల్లి చల్లగా చూడాలి.

అమ్మానాన్న రేపటి బస్సు ఎక్కుతున్నారు. దీపాలవేళకు అడ్డిస్ చేరుతుంది. ఈ ఉత్తరం ఇవాళ్టి బస్సు డ్రైవరు నీకు అందిస్తాడు. నువ్వు గంట ముందే బస్టాండులో ఉండు. నాన్న దిగీదిగగానే ఎటో ఒకవైపు నడవడం మొదలుపెడతాడు.

ఆయన ఏమేం చూడాలో కాగితం మీద రాసుకోలేదు. అంతా బుర్రలోనే ఉంది. ముప్పై నాలుగేళ్ళు బడి గంట కొట్టాడు కదా. నాలుగో తరగతి కిటికీ కింద కూర్చుని ఏటా 'మన రాజధాని' పాఠం విన్నాడు. అందులో చూడవలసినవి పందొమ్మిది ఉన్నాయట. చదివిన పిల్లలు మరిచిపోయారు. ఆయన మరవలేదు. ఇప్పుడు గంట తాడు ఇంకొకరి చేతిలో పెట్టారు గనుక తీరిక దొరికింది.

అమ్మ రానని మొండికేసింది. మన చెల్లి ఎతగెన్‌కు మెగాబీత్ నెలలో పురుడు. "రెండో కాన్పు బిడ్డను వదిలి సింహాలను చూడ్డానికి పోతానా?" అంది. ఎతగెనే గదమాయించింది. "నువ్వు పోకపోతే నాన్న ఒక్కడే పోతాడు, తప్పిపోతాడు. ఈ పొట్టేసుకుని నేనే వెతకాలి." చివరికి నేనన్నాను, "అమ్మా, నేనున్నాను. వెళ్ళిరా." ఆ మాట పట్టుకుని బయలుదేరింది.

మిరప మసాలా సంచిలో పెట్టాను. అమ్మ నూలు వడికే కదురు కూడా తెస్తోంది. నవ్వకండి. చేతిలో కదురు లేకపోతే ఆమెకు మాట రాదు.

నీ అక్క


అడ్డిస్ అబెబా
తిర్ 18

అక్కయ్యా,

నీ ఉత్తరం కంటే నీ మసాలాయే ఎక్కువ మాట్లాడింది. నీళ్ళు తాగలేక చచ్చాం. నీ ప్రార్థనల్లో ఈసారి మా నాలుకల్ని కూడా కలుపుకో.

నువ్వన్నట్టే జరిగింది. నాన్న బస్సు దిగి, నన్ను కౌగలించుకుని, ఒక దిక్కుకు వేలు చూపించి "గియోర్గిస్ గుడి అటే కదూ?" అని నడిచేశాడు. అటు చేపల దుకాణాలున్నాయి. "పాఠంలో చెప్పలేదే" అన్నాడు. నగరం తనను అడక్కుండా మారిపోయిందని ఆయనకు చాలా కోపం. ఏడంతస్తుల మేడ అని పాఠంలో ఉందట, వెళ్ళి చూస్తే పన్నెండు. "ఎవరిని అడిగి పెంచారు?" అని కాపలావాడితో పోట్లాట. వాడు మర్యాదస్తుడు. "క్షమించండి తాతా, ఇకమీద అడుగుతాం" అన్నాడు.

లిఫ్టు ఎక్కించాను. అమ్మ ముఖం కప్పుకుని పైకి వెళ్ళేదాకా ప్రార్థన చదువుతూనే ఉంది. తలుపు తెరుచుకున్నాక నన్ను అడిగింది: "మనం పైకి వచ్చామా, ఊరు కిందికి పోయిందా?"

సింహాలను కూడా చూశాం. నాన్న కటకటాల దగ్గర నిలబడి నాలుగుసార్లు కేకేస్తే అది ఒక కన్ను తెరిచి మూసింది. "మన బడి పంతుళ్ళే నయం, గంట కొడితే లేచేవాళ్ళు" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. మళ్ళీ ఇంకోసారి అన్నాడు, నవ్వని వాళ్ళ కోసం.

సంతలో అమ్మ నూరు నెతెల పైబట్టలు తడిమి చూసి ఉంటుంది. కొట్టువాడి ముఖం మీదే "ఇది మిల్లు నూలు, ఇదీ మిల్లు నూలు" అని అవతల పడేసింది. ఆఖరికి ఒకటి పట్టింది. చేత్తో వడికిన నూలు, ఆకుపచ్చా బంగారు రంగుల అంచు. ఎతగెన్ కోసం. పురుటి స్నానం రోజున కప్పుకోవాలట. చిన్నదానికి చెప్పకు, చేతికిచ్చినప్పుడు దాని ముఖం చూడాలంటోంది అమ్మ.

పందొమ్మిదిలో ఆరు అయ్యాయి. చిట్టచివరిది అద్వా విజయం పండుగట, వచ్చే నెల యెకాతీత్ 23న. అది చూడందే కదలనని నాన్న బైఠాయించాడు. ఉండనీ అక్కయ్యా. ఆయన ఇంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

నీ అల్లరి తమ్ముడు
అస్మారె


కెరానియో
తిర్ 22

అస్మారె,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నువ్వు పనిచేసే ప్రెస్సుకు పంపుతున్నాను. ఎక్కడన్నా కూర్చుని చదువు. గోడకు ఆనుకుని కూర్చో.

నిన్న, మరియమ్మ పండుగ రోజున, మన ఎతగెన్ పోయింది. పురుడు నెల పైన ముందే వచ్చింది. మగబిడ్డ. బిడ్డ బతికి ఉన్నాడు, చిన్నగా ఉన్నాడు. ఆమె బతకలేదు. సాయంత్రమే మట్టి చేశాం.

దూరాన ఉన్నవాడికి చావు కబురు కాగితం మీద పంపకూడదు. తెల్లవారుజామున పెద్దలు వచ్చి తలుపు తట్టాలి. చుట్టూ పది చేతులు పట్టుకోవడానికి ఉండగా చెప్పాలి. నాకు తెలుసు. కానీ మీ ఇంట్లో అమ్మా నాన్నా ఉన్నారు. మీ తలుపు తట్టమని నేనెవరిని పంపను?

వాళ్ళకు అక్కడ తెలియకూడదు. పరాయి ఊళ్ళో, మన వాళ్ళెవరూ లేని చోట వద్దు. ఆ కబురు మోసుకుంటూ బస్సులో అబాయ్ లోయ దాటకూడదు. నాన్న గుండె సంగతి నీకు తెలుసు. ఇక్కడికి వచ్చాక, మన గుమ్మంలో, పద్ధతి ప్రకారం చెబుదాం. మన పూజారి గారు కూడా అదే అన్నారు.

వుబిత్‌కు చెప్పు. ఇంకెవరికీ వద్దు.

నన్ను క్షమించు. నిన్ను ఒంటరిగా ఉంచి చెప్పాను.

అక్క


అడ్డిస్ అబెబా
తిర్ 26

అక్కయ్యా,

కూర్చోలేదు. పుస్తకాలు అంటించే బల్ల దగ్గర నిలబడే చదివాను. పక్కన పనిచేసేవాడు ఏమైందన్నాడు. కంట్లో జిగురు పడిందన్నాను. పాపం పరుగెత్తి నీళ్ళు తెచ్చి నా కళ్ళు కడిగాడు.

ఇంటికి వెళ్తే నాన్న కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రైల్వేస్టేషను ముందు కంచు సింహాన్ని చూపిస్తానని పొద్దున నేనే అన్నాను. తీసుకెళ్ళాను. "ఇది కటకటాల్లో దానికంటే మెలకువగా ఉంది" అన్నాడు. నేను నవ్వానక్కయ్యా. నవ్వు వచ్చింది ఎలాగో.

ఒకటడుగుతాను, జవాబు చెప్పు. ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదు? పురుడు ముందుగా వస్తే ప్రమాదమని నీకు తెలియదా? మరియమ్మ పటం ముందు కూర్చుని కొవ్వొత్తులు వెలిగిస్తూ ఉన్నావా? "నేనున్నాను" అన్నావుగా అమ్మతో. ఉండి ఏం చేశావు? ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు ఆపి ఉంటే నేను వచ్చి దాని ముఖం చూసేవాణ్ణి. సాయంత్రానికే మట్టి చేశావు. అంత తొందర దేనికి?

రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యడం లేదు.

వుబిత్ గుసగుసగా ఏడుస్తోంది, స్టౌ మంట పెద్దది చేసి, ఆ చప్పుడు చాటున. నేను గడ్డం గీసుకోవడం మానేశాను. ఆ మాత్రం చెయ్యకుండా ఉండలేను. ప్రెస్సులో పని ఎక్కువని చెప్పాను ఇంట్లో. నీ ఉత్తరం వచ్చిందనీ, అందరూ బాగున్నారనీ కూడా చెప్పాను.

అస్మారె


కెరానియో
తిర్ 29

తమ్ముడూ,

అడిగావు గనుక చెబుతాను.

పొద్దున నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చేసరికే బిడ్డ బయటికి వచ్చాడు. రక్తం ఆగలేదు. ఆమె మొగుడు బితెవూ మరి ఏడుగురూ మంచం మీద మోసుకుని పట్నం ఆసుపత్రికి బయలుదేరారు. నేను పక్కన నడుస్తున్నాను, ఆమె చెయ్యి పట్టుకుని. రెండు వాగులు దాటాం. నీలగిరి చెట్ల తోపు దగ్గరకు వచ్చేసరికి ఆ చెయ్యి బరువెక్కింది. నేను చెప్పలేదు. ఇంకా కొంత దూరం మోయించాను. తరువాత చెప్పాను.

కొవ్వొత్తి వెలిగించలేదు. తీరిక లేదు.

చివరిగా అన్న మాట: "అమ్మకు చెప్పకండి, నాన్న ఇంకా అన్నీ చూసి ఉండడు." ప్రమాదమని ఆమెకు తెలియదు. నొప్పుల సంగతి చెప్పొద్దంటోంది, అంతే.

నువ్వన్న మాటలో తప్పు లేదు. నేనున్నానని అన్నాను. అమ్మకు ఆ మాట గుర్తుంటుంది. ఆమె ఈ గుమ్మం ఎక్కి నన్ను చూసే క్షణం కోసం నేను రోజూ సిద్ధపడుతున్నాను. సిద్ధం కావడం లేదు.

ఆమెకు ఆ పేరు పెట్టింది నేను. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. పుట్టగానే అమ్మ నా ఒళ్ళో వేసి పేరు పెట్టమంది. "నాకు చెల్లెలు దొరికింది" అన్నాను. అదే పేరయింది.

నలభయ్యో రోజు యెకాతీత్ 30న. తల్లికి ప్రార్థనలు, మగబిడ్డకు జ్ఞానస్నానం, రెండూ ఒకే రోజున పడ్డాయి. అమ్మానాన్న ఆ రోజుకు ముందే ఇక్కడ ఉండాలి. బిడ్డకు పేరు పెట్టవలసింది నాన్న. అదొక్కటి జరిపించు.

పండుమిరపకాయలు పాడవుతున్నాయి. ఎండబెట్టే చేతులు లేవు.

అక్క


అడ్డిస్ అబెబా
యెకాతీత్ 9

అక్కయ్యా,

నా పోయిన ఉత్తరం పొయ్యిలో పెట్టు. ఇంకేమీ రాయను దాని గురించి.

ఒక ఫోటో పంపుతున్నాను. నాలుగో తేదీన కంచు సింహం ముందు తీయించాం. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోటోవాడు లేడని నాన్న మళ్ళీ తీసుకెళ్ళమన్నాడు. ఎడమవైపు నాన్న, గంట కొట్టేవాడిలా నిటారుగా. నడుమ అమ్మ. కుడివైపు వుబిత్, గుడి నుంచి నేరుగా వచ్చి కలిసింది. నేను లేను, ఫోటోవాడి వెనక నిలబడ్డాను. నా ముఖం ఫోటోలో పడకూడదనుకున్నాను.

ఆరో తేదీన మ్యూజియం. పాఠంలో పదకొండోది. అక్కడ గాజుపెట్టెలో ఒక ఆడమనిషి ఎముకలున్నాయి, లక్షల ఏళ్ళ కిందటివి. దేశదేశాల వాళ్ళు వచ్చి చూస్తారు. నాన్న పాఠం మొత్తం అప్పగించాడు, పక్కనున్న విదేశీయులు కూడా చేతులు కట్టుకుని విన్నారు. అమ్మ పెట్టె దగ్గరే ఉండిపోయింది. కాపలా ఆవిణ్ణి అడిగింది: "ఈమెను ఇన్నేళ్ళూ మట్టి చెయ్యలేదా? ఎవరూ లేరా ఈమెకు?"

"అమ్మా, ఇది చదువు కోసం పెట్టింది" అందామె.

"ఏ తల్లి కన్న పిల్లో. ఆ తల్లికి తెలుసా, కూతురు ఇక్కడ ఇలా ఉందని?"

అని ఏడ్చింది అక్కయ్యా. చిన్నగా కాదు. గాజు మీద నుదురు ఆనించి, గుండె బాదుకుని. జనం చుట్టూ మూగారు. నాన్న సిగ్గుతో "మా ఇంటావిడకు ఎముకలను చూసినా ఏడుపే, ఏమీ అనుకోకండి" అని అందరికీ చెబుతున్నాడు. వుబిత్ బయటికి పరుగెత్తింది. నేను అమ్మ భుజాలు పట్టుకుని నిలబడ్డాను. మనసులో అనుకున్నాను: ఏమీ తెలియకుండానే ఇలా ఏడిస్తే, తెలిస్తే ఈమె ఏమైపోతుంది?

బయటికి వచ్చాక కాఫీ తాగి మామూలైపోయింది. "కాళ్ళు నొప్పులు, రేపు ఎక్కడికీ వద్దు" అంది.

నాన్న మాత్రం నన్ను గమనిస్తున్నాడు. నిన్న భోజనం దగ్గర అన్నాడు: "ఏరా, ఈ గడ్డమేమిటి, ఈ ముఖమేమిటి? మేమేమన్నా బరువయ్యామా? మొహమాటపడకు, చెప్పేయ్." నేను ఇంజెర రొట్టె నోట్లో కుక్కుకున్నాను.

తమ్ముడు


కెరానియో
యెకాతీత్ 13

తమ్ముడూ,

ఫోటో చేరింది. పటం పక్కన పెట్టి తరువాత తీసి దాచాను. పక్కింటివాళ్ళు చూడకూడదని.

ఒక సంగతి. ఫోటోలో వుబిత్ నెతెల అంచు పైన ఉంది, మెడ దగ్గర. చావింటి ఆడవాళ్ళు కప్పుకున్నట్టు. గుడిలో ఎతగెన్ పేరున కొవ్వొత్తి వెలిగించడానికి అలా కప్పుకుని వెళ్ళి ఉంటుంది. అది ధర్మమే. కానీ తిప్పి వేసుకోవడం మరిచి సింహం దగ్గరికి వచ్చేసింది.

అమ్మ ఆమె పక్కనే నిలబడి ఉంది. యాభై ఏళ్ళుగా నెతెలలకు నూలు వడికిన మనిషి. చూడలేదా? వుబిత్‌ను అడుగు.

బిడ్డ పాలు తాగుతున్నాడు. వెన్నెలప్పుడు కళ్ళు తెరిచి చూస్తాడు. ఎవరిని వెతుకుతాడో తెలియదు.

అక్క


అడ్డిస్ అబెబా
యెకాతీత్ 18

అక్కయ్యా,

అడిగాను. వుబిత్ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, మరిచేపోయాను! వదినకు ఫోటోలోనే కనబడిందా?" అని. కానీ అత్తయ్య చూడలేదని గట్టిగా చెబుతోంది. ఆ రోజు దారి పొడుగునా పత్తి ధర గురించే మాట్లాడిందట. ఇంటికొచ్చాక ఉల్లిపాయలు తరిగి ఇచ్చిందట, ఏం పరవాలేదు కూర్చో పిల్లా అంటూ. చూసి ఉంటే ఊరుకునే మనిషా మన అమ్మ? బడిలో నన్ను ఎవరో కొట్టారని ఊరంతా లేపిన మనిషి! నువ్వు నిశ్చింతగా ఉండు.

అసలు గొడవ నాన్నతో వచ్చింది. నలభయ్యో రోజుకు ముందు చేర్చమన్నావు కదా. లోయ దగ్గర దారి పాడైతే, బస్సు ఆగిపోతే ఏం గతి అని భయపడి, ముందే పంపుదామని చూశాను. "నాన్నా, ఈ వారమే బయలుదేరండి, ఉపవాసాలు మొదలవుతాయి, ఇంట్లో ఉంటే బాగుంటుంది" అన్నాను.

ఆయన చెంచా కింద పెట్టాడు. "తోలేస్తున్నావురా?"

"అది కాదు నాన్నా."

"అద్వా పండుగకు అయిదు రోజులుంది. అయిదు రోజులు! ముప్పై నాలుగేళ్ళు ఆగినవాణ్ణి అయిదు రోజులు ఆగనివ్వవా? నీ పెళ్ళాం కళ్ళు చూస్తున్నా. వచ్చిన వారం బాగానే ఉంది. తరువాత నుంచి ఎర్రగానే ఉంటున్నాయి. మాకు వండి పెట్టలేక ఏడుస్తోంది. మాకు తెలియదనుకున్నావా?"

వుబిత్ వింటోంది. వచ్చి ఆయన కాళ్ళు కడగడానికి నీళ్ళు పెట్టింది. ఆయన కాళ్ళు పక్కకు తీసుకున్నాడు.

అప్పుడు అమ్మ కదురు ఆపి అంది: "అస్మారె, పండుగ చూడనీ ఆయన్ను. మర్నాడు కాక ఆ మర్నాడు నేనే లాక్కుపోతాను. నలభై లోపల ఇంట్లో ఉంటాం." నలభై ఏమిటని నాన్న అడిగాడు. "బయలుదేరి నలభై రోజులు దాటితే ఇల్లు పాతబడుతుంది" అందామె. నేనూ వుబిత్ ఒకరినొకరు చూసుకున్నాం. బయలుదేరిన రోజు నుంచైతే 25కి నలభై దాటిపోతుంది. ఊరికే అన్నదనుకుంటాను. ముసలివాళ్ళ సామెతలు ఎన్నని.

కనుక 25న బస్సు. మాట ఇచ్చేశాను. నువ్వు కోప్పడినా ఇంతే.

నా భార్యను ఆయన అన్న మాట నేను జీవితాంతం మోయాలి. తను మోస్తోంది, నవ్వుతూ.

అస్మారె


కెరానియో
యెకాతీత్ 20

తమ్ముడూ,

కోపం లేదు. పండుగ చూడనీ. ఎతగెన్ కూడా అదే అంది కదా.

నాన్న కోపాన్ని కూడా ఉండనీ. కోపం మోయడం తేలిక. ఆయన మోయవలసింది వేరే ఉంది. వుబిత్‌కు చెప్పు, ఆమె పేరు రోజూ మరియమ్మ ముందు చెబుతున్నానని.

నువ్వు వాళ్ళతో రావద్దు. పగలంతా ఆ బస్సులో నీ ముఖం వాళ్ళ ఎదుట ఉంటుంది. తట్టుకోలేవు. మన ఊరి డ్రైవరు తమ్ముడిలాంటివాడు, అతను చూసుకుంటాడు. నువ్వూ వుబిత్ నలభయ్యో రోజుకు రండి.

ఊరికంతటికీ చెప్పి ఉంచాను. నల్లబట్టలు ఎవరూ కట్టరు ఆ సాయంత్రం. బిడ్డను బితెవ్ తల్లి దగ్గర ఉంచుతాం. పెద్దపిల్లను కూడా. నాలుగేళ్ళ పిల్ల, నోరాగదు.

అక్క


అడ్డిస్ అబెబా
యెకాతీత్ 25

అక్కయ్యా,

వాళ్ళను బస్సు ఎక్కించాను, అది కదిలేలోగా బస్టాండులోనే రాస్తున్నాను. ఈ ఉత్తరం అదే బస్సులో, డ్రైవరు జేబులో ఉంటుంది. వాళ్ళకు రెండు సీట్ల ముందు.

అద్వా పండుగ బాగా జరిగింది. ముసలి యోధులు సింహం జూలు కిరీటాలు పెట్టుకుని వచ్చారు. తుపాకులు పేలాయి. నాన్న ఎవరి భుజాల మీదుగానో చూస్తూ పాఠం చివరి వాక్యం గట్టిగా చెప్పాడు. చెప్పి, "అయిపోయింది" అన్నాడు. బడి వదిలిన గంట కొట్టినట్టు. అమ్మ ఆయన పక్కనే ఉంది, ఆయన నవ్వితే నవ్వుతూ, ఆయన చూపించిన వైపల్లా చూస్తూ.

బస్టాండులో నాన్న నన్ను ముద్దు పెట్టుకున్నాడు. వుబిత్ వంగి మోకాళ్ళు తాకబోతే "సరే సరే" అని బస్సెక్కేశాడు. దీవించలేదు. అమ్మ దీవించింది. చాలాసేపు. ఆమె నెతెల సర్ది, మెడ చుట్టూ కప్పి, "చలి" అంది. ఎండ మాడుతోంది.

నా గడ్డం తడిమింది. గీసుకోమంటుందేమో అనుకున్నాను. "ఇంకో అయిదు రోజులు ఉంచుకో నాయనా" అంది.

నాకేమీ అర్థం కావడం లేదు అక్కయ్యా. అర్థం చేసుకోవడానికి భయంగా ఉంది.

ఎతగెన్‌కు కొన్న నెతెల వాళ్ళ సంచిలోనే ఉంది, అన్నిటికంటే పైన.

తమ్ముడు


కెరానియో
యెకాతీత్ 27

నా తమ్ముడు అస్మారెకు,

అయిపోయింది. ఎలా జరిగిందో రాస్తాను. నీకు తెలియాలి.

దారిలో టైరు పోయి లోయ దగ్గర ఒక రాత్రి ఆగారు. నిన్న సాయంత్రం దిగారు. వీధిలో అందరూ రంగు అంచుల నెతెలలతో వచ్చి ముద్దులు పెట్టారు. అందరూ నవ్వారు. నాన్న దిగగానే అడిగాడు: "మా చిన్నది ఏదీ? రాలేదేం?" నేను, "నెలలు నిండాయి, కదలొద్దన్నారు నాన్నా" అన్నాను. ఉపవాస దినాల్లో అబద్ధం. దేవుడు చూసుకుంటాడు. ఆయన నమ్మాడు. చీకటిపడేదాకా సింహం కథా, లిఫ్టు కథా, కాపలావాడి కథా చెప్పాడు. వినేవాళ్ళు నవ్వుతూ, మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళి వస్తూ ఉన్నారు.

అమ్మ ఎతగెన్ గురించి అడగలేదు. ఒక్కసారి కూడా. కాఫీ అడిగింది. అప్పుడే నాకు తెలిసిపోయింది.

తెల్లవారుజామున పూజారి గారూ, పెద్దలూ, బితెవూ వచ్చారు. తలుపు నేనే తీశాను. లోపల అమ్మ లేచి కూర్చుని ఉంది. ముఖం కడుక్కుని, నెతెల కప్పుకుని ఉంది. అంచు మెడ దగ్గర.

పూజారి గారు నాన్న చెయ్యి పట్టుకుని చెప్పారు. నాన్న కేకపెట్టలేదు మొదట. ఎవరో తప్పు పాఠం చెప్పినట్టు చూశాడు. తరువాత ఏడుగురు పట్టుకుంటే గాని ఆగలేదు. చేతులున్నాయి. అందుకే ఆ పద్ధతి ఉంది.

కాస్త తగ్గాక ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ కదలకుండా కూర్చుంది.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఫోటో తీయించుకున్న రోజు నుంచి. కోడలు అంచు పైకి వేసుకుని వచ్చింది. దాని పుట్టింట్లో ఎవరైనా పోతే మనకు చెప్పి ఏడిచేదే. మనకు చెప్పకుండా ఏడుస్తోందంటే అది మన బిడ్డే."

"ఏ బిడ్డ అని..."

"యెషారెగ్ ఉత్తరాలు వస్తున్నాయిగా. ఇక మిగిలింది ఎవరు? అస్మారె గడ్డం మానేసిన రోజు నుంచి ఉత్తరం దారి రోజులు వెనక్కి లెక్కపెట్టుకున్నాను, మరియమ్మ పండుగ దగ్గర ఆగింది."

"మరి అద్వా రోజున నాతో కలిసి నవ్వావేమే!"

"ముప్పై నాలుగేళ్ళు కిటికీ బయట కూర్చున్నారు" అంది అమ్మ. "మళ్ళీ పోయేది లేదు. చూడనిద్దామనుకున్నాను. నా ఏడుపు నేను ఆ గాజుపెట్టె దగ్గర ఏడ్చేశాను. అక్కడైతే ఎవరూ అడగరు."

నాన్న అప్పుడు నేల మీద కూర్చున్నాడు. వుబిత్ కాళ్ళకు నీళ్ళు పెడితే కాళ్ళు తీసుకున్నానన్నాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఆమె వచ్చాక తన చేతులతో ఆమె కాళ్ళు కడుగుతాడట. కడగనివ్వమను. అడ్డు చెప్పొద్దను.

నా సంగతి. నేను వెళ్ళి అమ్మ మోకాళ్ళ మీద తల పెట్టాను. "నేనున్నానన్నాను" అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి ఉంచింది. నా జుట్టులో తెల్లవెంట్రుకలు ఏరుతున్నట్టు కాసేపు వేళ్ళు ఆడించింది. అప్పుడంది:

"ఉన్నావుగా. ఇక్కడ నువ్వున్నావనే అక్కడ నేను ఉండగలిగాను."

తమ్ముడూ, నేను ఇన్నాళ్ళూ ఏడవలేదు. అప్పుడు ఏడిచాను.

బిడ్డను తెచ్చి ఇచ్చాం. అమ్మ సంచి విప్పి ఆకుపచ్చ అంచు నెతెల తీసి వాడికి చుట్టింది. నాలుగు చుట్లు వచ్చింది. పేరు నాన్న 30వ తేదీన చెబుతాడు. ఇప్పటికి అడిగితే తల ఊపుతున్నాడు.

ఇక నీ మాట.

మా అందరికీ చేతులు దొరికాయి. నీకు దొరకలేదు. నిలబడి చదివావు. కంట్లో జిగురు పడిందన్నావు. ఆ తప్పు నాది. అమ్మకు చెప్పాను. పూజారి గారికి చెప్పాను. అందరం ఒక మాట అనుకున్నాం.

ఈ ఉత్తరం డ్రైవరు చేత పంపుతున్నాను, అందిన మర్నాటి బస్సుకే నువ్వూ వుబిత్ రండి. వుబిత్‌ను అంచు ఎలా కావాలంటే అలా వేసుకోమను, దాచేది ఇక లేదు. వచ్చాక భోజనం చేయండి. ఎవరూ ఏమీ మాట్లాడరు. నీ పాత మంచం వేసి ఉంచాను, పడుకో. తెల్లవారుజామున నాన్న ముందుండి మేమందరం వచ్చి తలుపు తడతాం.

నువ్వు ఏమీ తెలియనట్టు లేచి తీయి.

నీ అక్క
యెషారెగ్